పన్ను మీద మరక ఎక్కడిది?

కిందటేడు మన బడిలో తాతయ్యల, అమ్మమ్మల రోజు చేసుకున్నాం కదా, ఆ రోజు మా గదిలో జరిగింది ముందు చెబుతాను. మనవరాలిని చూసుకోవడానికి ఆరు నెలలకని ఆష్‌బర్న్ వచ్చిన ఒక తాతగారు, మునుగోడు వైపు మనిషి, మోటబావిలో ఈత నేర్చుకున్న కథ చెబుతున్నారు. పిల్లలు పడీపడీ నవ్వుతున్నారు, ఆయనా నోరారా నవ్వారు. ముందు వరసలో కూర్చున్న బాబు ఒకడు చెయ్యెత్తి, "తాతా, మీరు బ్రష్ చేసుకోరా? మీ టీత్ బ్రౌన్‌గా ఉన్నాయి" అన్నాడు.

ఆయన కోపం తెచ్చుకోలేదు. "చేసుకుంట బిడ్డా. చిన్నప్పటి సంది యాపపుల్లతోనే తోముకుంట. మా నీళ్ళు అసుంటియి" అన్నారు. అని, భుజం మీది తువ్వాల నోటికి అడ్డం పెట్టుకుని మిగతా కథ పూర్తి చేశారు. అప్పటిదాకా ఆ తువ్వాల భుజం మీదే ఉంది.

నేను చేసిందల్లా "అలా అనకూడదు నాన్నా" అనడం. ఇప్పుడు ఆలోచిస్తే అది సరైన జవాబు కాదు. పిల్లాడు అడిగింది నిజానికి చాలా మంచి ప్రశ్న. నూటపాతికేళ్ళ కింద ఇదే దేశంలో ఒక కుర్ర డాక్టరు ఇదే ప్రశ్న అడిగాడు. దానికి జవాబు దొరకడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది. ఆ జవాబు నాకు తెలుసు కూడా. తెలిసీ నోరు మెదపకపోవడానికి కారణం ఉంది. మాది కనిగిరి దగ్గర పల్లె. నాకు ఏడేళ్ళు వచ్చేదాకా అక్కడి నీళ్ళే తాగాను. నా ముందు పళ్ళ మీద సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి చారలు, ఒక పన్ను మీద లేత గోధుమరంగు మచ్చ ఉన్నాయి. ఫొటోల్లో పెదాలు మూసుకుని నవ్వడం నాకు చిన్నప్పుడే అలవాటైపోయింది. మేం ఒంగోలుకి మారినప్పుడు మా తమ్ముడు నెలల పిల్లాడు. వాడి పళ్ళు మల్లెమొగ్గల్లా ఉంటాయి. ఒకే అమ్మ, ఒకే వంట, ఒకే టూత్‌పేస్టు, పళ్ళు మాత్రం వేరు. ఈ తేడాలోనే అసలు కథంతా ఉంది.

మన చర్మం మారుతుంది, రక్తం మారుతుంది, ఎముక కూడా నెమ్మదిగా కరిగి మళ్ళీ కడుతూ ఉంటుంది. పన్ను పైన ఉండే పింగాణి పొర, అదే ఎనామెల్, అలా కాదు. ఒక్కసారే తయారవుతుంది. పాలపళ్ళు తల్లి కడుపులో ఉండగానే మొదలవుతాయి. అసలు పళ్ళలో మొదటి దవడ పన్ను పుట్టిన రోజుల్లోనే మొదలై మూడేళ్ళకల్లా పైభాగం పూర్తి చేసుకుంటుంది. జ్ఞానదంతాలు తప్ప మిగతావన్నీ ఎనిమిదేళ్ళ లోపు చిగురు కిందే రూపు దిద్దుకుంటాయి. ఆ కాలంలో నీటితో, తిండితో, గాలితో ఒంట్లోకి వెళ్ళినవి, ఫ్లోరైడ్ కావచ్చు, సీసం కావచ్చు, స్ట్రాన్షియం కావచ్చు, కొద్ది కొద్దిగా పన్నులో చిక్కుకుపోతాయి. పింగాణి పొరలో చిక్కినదాన్ని ఒళ్ళు మళ్ళీ బయటికి తీయలేదు. చెట్టు మానులో వలయాల్లాగే పంటిలోనూ రోజువారీ గీతలుంటాయి. పాలపంటిలో బిడ్డ పుట్టిన రోజు దగ్గర ఒక ప్రత్యేకమైన గీత పడుతుంది. దానికి ముందున్న భాగం తల్లి తాగిన నీళ్ళది, తర్వాతది బిడ్డది. అందుకే నేను పంటిని చరిత్రకి ఆధారం అంటాను. శాసనాలు రాజులవి. ఇది ఎవరికైనా ఉంటుంది.

ఇక ఆ కుర్ర డాక్టరు సంగతి. ఆయన పేరు ఫ్రెడరిక్ మెకే. 1901లో దంతవైద్యం చదువు ముగించుకుని కొలరాడో స్ప్రింగ్స్ వెళ్ళాడు. అక్కడి వాళ్ళ పళ్ళ మీద చాక్లెట్ రంగు మచ్చలు. ఏమిటివి అంటే ఊళ్ళో తలొక మాట చెప్పారు. పందిమాంసం తినడం వల్ల అన్నారు, పాలు మంచివి కావన్నారు. మెకే గమనించింది ఒకటే: అక్కడ పుట్టిన పిల్లలకి మచ్చలున్నాయి, పెద్దయ్యాక వచ్చి స్థిరపడిన వాళ్ళకి లేవు. అంటే పన్ను తయారయ్యే రోజుల్లోనే ఏదో జరుగుతోంది. 1923లో ఐడహో రాష్ట్రంలో ఓక్లీ అనే ఊరి తల్లిదండ్రులు ఆయన్ని పిలిపించారు. అయిదు మైళ్ళ దూరంలోని వేడి ఊట నుంచి ఊరికి గొట్టం వేశాకే తమ పిల్లల పళ్ళు ఇలా వస్తున్నాయని వాళ్ళు చెప్పారు. మెకే ఆ గొట్టం వదిలెయ్యమన్నాడు. వదిలేశారు. కొన్నేళ్ళకి ఆ తర్వాతి పిల్లల పళ్ళు శుభ్రంగా వచ్చాయి. నీళ్ళలో ఏముందో మాత్రం అప్పటికీ తెలియదు. కనిపెట్టింది చదువుకున్నవాళ్ళ కంటే ముందు తల్లులే అని నాకనిపిస్తుంది.

1931లో ఆ గుట్టు విప్పింది దంతవైద్యుడు కాదు, ఒక అల్యూమినియం కంపెనీ రసాయన శాస్త్రవేత్త హెచ్. వి. చర్చిల్. ఆర్కన్సాస్‌లో కంపెనీ ఊరైన బాక్సైట్ నీళ్ళను పరీక్షిస్తే ఫ్లోరైడ్ ఎక్కువగా ఉందని తేలింది. ఆయన ముందు నమ్మలేదు, ఇంకోసారి నీళ్ళు తెప్పించుకుని చూశాడు. ఆ తర్వాత ట్రెండ్లీ డీన్ అనే ప్రభుత్వ వైద్యుడు పళ్ళను కంటితో చూసి, మచ్చ ఏ మాత్రమూ లేని పన్ను నుంచి తీవ్రంగా గుంటలు పడ్డ పన్ను వరకు మెట్లు కట్టి లెక్కవేసే పద్ధతి పెట్టాడు. అది ఇవాళ్టికీ వాడుకలో ఉంది. మనకి గంట ప్రయాణం దూరంలో బెథెస్డాలో ఉన్న జాతీయ దంత పరిశోధన సంస్థకి 1948లో మొదటి డైరెక్టర్ ఈయనే. లీటరు నీటికి ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ఉంటే పళ్ళు పుచ్చడం తగ్గుతుందని, మచ్చలు పెద్దగా రావని ఆయన తేల్చాడు. 1945లో మిషిగన్‌లోని గ్రాండ్ రాపిడ్స్‌లో నీళ్ళలో ఫ్లోరైడ్ కలపడం మొదలైంది. ఆ తర్వాత దేశంలో ఎన్నో ఊళ్ళు ఆ దారే పట్టాయి. ఇప్పుడు ఇక్కడ సిఫారసు 0.7 మిల్లీగ్రాములు. ఒక దేశం నీళ్ళలో కొలిచి కలుపుకునేదాన్నే మన ఊళ్ళు నీళ్ళలోంచి తీసెయ్యడానికి నానా తంటాలు పడ్డాయి. పెద్ద పిల్లల తరగతిలో ఈ మాట చెప్పి చూడండి, గది నిశ్శబ్దమైపోతుంది.

మన వైపు ఈ సంగతి మొదట పసిగట్టింది రైతులు, అదీ ఎద్దుల్లో. 1930ల మొదట్లో నెల్లూరు జిల్లా పడమటి తాలూకాల్లో వయసులో ఉన్న ఎద్దులు కీళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోవడం చూశారు. ఆ తర్వాత మనుషుల్లో కనబడింది. దర్శి, పొదిలి, కనిగిరి, తర్వాతి కాలంలో ప్రకాశం జిల్లాలో కలిసిన ఊళ్ళివి. 1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కి చెందిన షార్ట్, పండిట్, రాఘవాచారి నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ గురించి ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. భారతదేశంలో మనుషుల్లో ఈ జబ్బు గురించి మొట్టమొదట వచ్చిన రాతల్లో అదొకటి. మచ్చల పళ్ళు పిల్లల్లో కనిపిస్తాయి. అవే నీళ్ళు ముప్ఫై, నలభై ఏళ్ళు తాగితే వెన్నెముక కర్రలా బిగుసుకుపోతుంది. పన్ను మీది మరక ముందుగా వచ్చిన ఉత్తరం లాంటిది. చదవగలిగిన వాళ్ళు ఆ ఊళ్ళో లేరు, అంతే. మా తాత మెడ తిప్పాలంటే ఒళ్ళంతా తిప్పేవాడు. వయసు మీద పడింది అనేవాళ్ళం. నేను మాస్టర్స్ చదువుతూ లైబ్రరీలో ఆ 1937 వ్యాసం గురించి చదివిన రోజున గాని అది వయసు కాదని నాకు తెలియలేదు.

నల్లగొండ కథ ఇంకా పెద్దది. 1955లో ఎ. హెచ్. సిద్దిఖీ అనే వైద్యుడు నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. ఇంత ముందే తెలిసినా ఊళ్ళలో పరిస్థితి మెరుగుపడలేదు, చాలాచోట్ల ముదిరింది. ఆ నేలంతా గ్రానైటు. ఆ రాళ్ళలోని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. పైపై బావులు ఎండిపోయి బోర్లు లోతుకి దిగిన కొద్దీ, రాతిలో ఏళ్ళ తరబడి నానిన నీళ్ళు పైకి వచ్చాయి. పైగా మే నెల ఎండలో కూలికి వెళ్ళే మనిషి రోజుకి ఎన్ని చెంబులు తాగుతాడో మనకి తెలుసు. లీటరుకింత అని రాసుకున్న హద్దు చల్లటి దేశానికీ ఆ నేలకీ ఒకటి కాదు. 1973లో హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో ఇంకో సంగతి బయటపెట్టారు. ఈ ఊళ్ళలో కుర్రవాళ్ళ మోకాళ్ళు లోపలికి వంగిపోతున్నాయి. ఒక్క ఫ్లోరైడే కాదు, నేలలో నీటిమట్టం మారి జొన్నల్లో మాలిబ్డినం పెరిగి, ఒంట్లో రాగి తగ్గడం కూడా దీని వెనక ఉందని ఆ సంస్థ వాదన. మిల్లీగ్రాముల్లో కొలిచే మూలకాలు ఒకదాన్నొకటి ఎలా తోస్తాయో చూడండి.

నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కి దింపే పద్ధతి తయారుచేసింది. దాని పేరే నల్లగొండ టెక్నిక్. తూర్పు ఆఫ్రికా దేశాల్లో కూడా ఈ పేరుతోనే పాఠాల్లో ఉంది. పద్ధతికి ఊరి పేరు ప్రపంచమంతా వెళ్ళింది గాని, ఊరికి నీళ్ళు రావడానికి చాలా కాలం పట్టింది. బ్యాంకు ఉద్యోగం వదిలేసి జలసాధన సమితి పెట్టిన దుశ్చర్ల సత్యనారాయణ గారి ఉద్యమం, 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీ చేసి బ్యాలెట్ కాగితాన్ని పుస్తకంలా మార్చేసిన సంగతి, మర్రిగూడ మండలానికి చెందిన అంశల స్వామి అనే యువకుడు వంగిపోయిన ఒంటితో ఢిల్లీ వెళ్ళి ప్రధాని వాజ్‌పేయి ముందుకి చేరిన సంగతి, ఇవన్నీ మీలో నల్లగొండ వాళ్ళకి నాకంటే బాగా తెలుసు. స్వామి 2022 జనవరిలో చనిపోయారు. ఇప్పుడు కృష్ణా నీళ్ళు గొట్టాల్లో ఇంటికి వస్తున్నాయి. కొత్తగా పుట్టిన పిల్లల పళ్ళు ఓక్లీ పిల్లల్లాగే తెల్లగా రావాలి. పెద్దవాళ్ళ పళ్ళ మీద మాత్రం పాత బోరు అలాగే ఉంటుంది.

ఫ్లోరైడ్ కనీసం కంటికి కనిపిస్తుంది. సీసం కనిపించదు. పన్ను తెల్లగానే ఉంటుంది. ఈ భాగం ముఖ్యంగా టీచర్ల కోసం రాస్తున్నాను.

హెర్బర్ట్ నీడిల్‌మన్ అనే పిల్లల మనోవైద్యుడు ఫిలడెల్ఫియాలో పనిచేసేవాడు. పాత ఇళ్ళ రంగులో, పెట్రోలు పొగలో సీసం ఉందని అందరికీ తెలుసు. రక్తంలో చూస్తే దొరుకుతుంది, కాకపోతే రక్తంలో సీసం నెల తిరిగేసరికి సగం పోతుంది. రెండేళ్ళ వయసులో కిటికీ దగ్గర రంగు పెచ్చులు నోట్లో పెట్టుకున్న పిల్లాడి రక్తం ఏడేళ్ళకి చూస్తే ఏం తెలుస్తుంది? 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి మూర్ఛపోయి పడిపోయినప్పుడు ఢిల్లీ ఎయిమ్స్ రక్తంలో సీసం, నికెల్ చూసింది. అది ఆ వారం సంగతి చెప్పింది. బాల్యమంతా ఎలా గడిచిందో తెలియాలంటే నీడిల్‌మన్‌కి పన్నే దిక్కయింది. రాలిపోయిన పాలపళ్ళు పోగు చేశాడు. 1972లో నేచర్ పత్రికలో ఆయన చెప్పిన లెక్క ప్రకారం నగరంలోని పిల్లల పళ్ళలో సీసం శివారు పిల్లల కంటే దాదాపు అయిదు రెట్లు ఎక్కువ.

తర్వాత మసాచుసెట్స్‌లోని చెల్సీ, సోమర్‌విల్ ఊళ్ళలో ఒకటో, రెండో తరగతి పిల్లలు ఊడిన పళ్ళు బడికి తెచ్చిచ్చారు. అలా రెండు వేలకి పైగా పిల్లల నుంచి పళ్ళు వచ్చాయి. పళ్ళ లోపలి డెంటిన్ పొరలో సీసం కొలిచారు. ఇంకోపక్క టీచర్లకి ఒక కాగితం ఇచ్చారు: ఈ బిడ్డ పరధ్యానంగా ఉంటాడా, చెప్పింది వరసగా చెయ్యగలడా, త్వరగా విసుక్కుంటాడా, ఇలాంటివి. ఏ పిల్లాడి పంటిలో ఎంత సీసం ఉందో టీచర్లకి తెలియదు. 1979లో ఫలితాలు వచ్చాయి. సీసం పెరిగిన కొద్దీ టీచర్లు "ఉండడు, వినడు, కుదురు లేదు" అని గుర్తు పెట్టిన పిల్లలు మెట్టు మెట్టుగా పెరిగారు. తెలివి పరీక్షల్లో కూడా ఎక్కువ సీసం ఉన్న పిల్లలు నాలుగు పాయింట్ల దాకా వెనకబడ్డారు. ఈ పిల్లల్లో ఒక్కరూ అప్పటి లెక్కల్లో రోగులు కారు. బడికి వచ్చి వెళుతున్న మామూలు పిల్లలే. ఆయన మీద తర్వాత ఆరోపణలు చేశారు, విచారణ పెట్టారు. తప్పుడు పని ఏమీ చెయ్యలేదని తేలింది. అమెరికాలో 1978లో ఇళ్ళ రంగుల్లో సీసం నిషేధించారు, 1996 నుంచి రోడ్డు మీది బండ్లకి సీసం పెట్రోలు లేదు. మనదేశంలో అది 2000లో ఆగింది. అంటే ఈ పుస్తకం చదువుతున్న మనలో చాలామంది పళ్ళు విజయవాడ బెంజ్ సర్కిల్‌లోనో సికింద్రాబాద్ స్టేషన్ ముందో సీసం పొగ పీల్చిన రోజుల్లో తయారైనవే.

పళ్ళు పోగుచేయడం నీడిల్‌మన్‌తో మొదలు కాలేదు. 1958 నుంచి సెయింట్ లూయిస్‌లో తల్లులు, శాస్త్రవేత్తలు కలిసి 1970 దాకా సుమారు 3,20,000 పాలపళ్ళు సేకరించారు. అణుబాంబు పరీక్షల ధూళిలోని స్ట్రాన్షియం-90 పాల ద్వారా పిల్లల పళ్ళలో చేరుతోందని చూపించారు. 1963లో గాలిలో అణుపరీక్షల మీద నిషేధం రావడంలో ఆ పళ్ళకీ పాలుంది. పన్ను ఇచ్చిన ప్రతి బిడ్డకీ ఒక బ్యాడ్జీ ఇచ్చేవాళ్ళు. మనమేమో పేడలో పెట్టి ఇంటి కప్పు మీదకి విసిరేశాం. ఆష్‌బర్న్‌లో మన పిల్లలు దిండు కింద పెట్టి డాలరు తీసుకుంటున్నారు.

ఇప్పుడు పన్నుని పిండి చేసి యాసిడ్‌లో కరిగించాల్సిన పని కూడా తగ్గింది. సన్నటి లేజర్‌తో గీత గీతనీ తాకి, ఏ నెలలో ఎంత సీసం చేరిందో చూస్తున్నారు. సీసంలోనూ రకాలున్నాయి. ఏ నేలలోంచి వచ్చిందో దాన్నిబట్టి వాటి నిష్పత్తి మారుతుంది. 2015లో వాలెంటైన్, ఆయన తోటివాళ్ళు హరప్పా, ఫర్మానా శ్మశానాల్లో దొరికిన పళ్ళని ఇలాగే చదివారు. హరప్పాలో పాతిపెట్టిన వాళ్ళలో చాలామంది అక్కడ పుట్టినవాళ్ళు కారట, చిన్నతనంలోనే వేరే చోట నుంచి వచ్చినవాళ్ళట. నాలుగు వేల ఏళ్ళ కిందట పుట్టిన ఊరు వదిలిన పిల్లలు. వాళ్ళ పేరు తెలియదు, భాష తెలియదు, తాగిన నీళ్ళు తెలిశాయి.

తల్లిదండ్రులకి ఒక చిన్న మాట. ఇంటి నుంచి తెచ్చుకునే కాటుకల్లో, సిందూరాల్లో కొన్నిట్లో సీసం ఉంటుంది. పచ్చగా మెరవడానికి పసుపులో లెడ్ క్రోమేట్ కలిపిన సందర్భాలూ బయటపడ్డాయి. పసిపిల్లలకి ఏడాది, రెండేళ్ళ వయసులో డాక్టరు సీసం రక్తపరీక్ష చేయిస్తానంటే వద్దనకండి. చేయించకపోతే మీరే అడగండి.

ఇక తరగతిలో ఏం చేశామో చెబుతాను. ఆ సంఘటన అయ్యాక రెండు వారాలకి పిల్లలకి ఒక కాగితం ఇచ్చి పంపాను: మీ తాతయ్య, అమ్మమ్మ, నాన్నమ్మ ఎనిమిదేళ్ళప్పుడు ఏ ఊళ్ళో ఉన్నారు, ఏ నీళ్ళు తాగారు, ఎవరు మోశారు? చెరువు, ఊరబావి, బోరింగు, గోదావరి కాలవ, మున్సిపల్ కుళాయి, ఇన్ని మాటలు ఒక్క వారంలో వచ్చాయి. ఏ పదాల పట్టికతోనూ నేను ఇన్ని నేర్పలేదు. గోడ మీద తెలుగు నేల పటం పెట్టి పేర్లు అంటించాం. నేను కనిగిరి దగ్గర నా పేరు అంటించి, నా పళ్ళు చూపించి, మా తమ్ముడి ఫొటో పక్కన పెట్టాను. అలా నోరు తెరిచి చూపించడం నాకు అదే మొదటిసారి.

ఆ బాబు చాలాసేపు చూశాడు. "అయితే టీచర్, మీరు ఒంగోలు ముందే వెళ్ళి ఉంటే?" అన్నాడు. తమ్ముడి లాగే వచ్చేవి అన్నాను. మర్నాడు వాడి అమ్మగారు ఫోన్ చేసి, తాతగారి ఇంటి నంబరు కావాలన్నారు. వాడు ఆయన్ని ఇంకోటి అడగాలట: ఆ మోటబావిలో నీళ్ళు ఇప్పుడున్నాయా అని.